సముద్రమట్టము ఎక్కడ నున్నది?



రైలుస్టేషనులలో పసుపుపచ్చని పలకమీద ఊరిపేరు వ్రాసి, దాని క్రింద చిన్న అక్షరములతో ఆ ఊరు సముద్రమట్టమునకు ఎంత ఎత్తున నున్నదో తెలుపుట మీలో చాలమంది చూచియే యుందురు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిని. పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయినప్పుడెల్ల ఎవడో యొకడు ఆ పలకను చూపి, "మాస్టరుగారూ, ఇక్కడ సముద్రమే లేదు గదా, ఎత్తు దేనినుండి కొలిచిరి?" అని యడుగుచుండెడివాడు. "సముద్రమునుండియే నాయనా! వరుసగా కొలుచుకొనుచు ఇంతదూరము వచ్చిరి" అని చెప్పి ఊరకుండెడివాడను. ఆ సమాధానము తప్పు కాదు, కాని సగమే. తక్కిన సగము నాకును తెలియదని పోయిన సంక్రాంతినాడు మా మనుమడు నాకు తెలియజేసెను.

మాది గోదావరి డెల్టాలో సముద్రమునకు చేరువనున్న పల్లె. పట్టణమున చదువుకొనుచున్న మా మనుమడు పండుగకు వచ్చి, వీథియరుగుమీద కూర్చుండి, తన చేతిఫోనులో ఏదో చూచుచు, "తాతయ్యా, ఈ అరుగు సముద్రమునకు 70 మీటర్ల దిగువ నున్నదట" అని నవ్వెను. ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములనుబట్టి ఆ ఫోను లెక్కకట్టి చూపు ఎత్తు అది. సున్నకు ముందు ఋణచిహ్నము స్పష్టముగా కానవచ్చుచున్నది. "ఆ మాట నిజమైనచో మనమిప్పుడు చేపలమై యుండవలె గదరా" అంటిని. వాడును నవ్వెను, నేనును నవ్వితిని. అయినను ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. యంత్రము అబద్ధమాడినదా? లేక సముద్రమట్టమనగా మనమనుకొనుచున్నది కాదా? తరువాత కొన్ని మాసములు గ్రంథములు తెప్పించి చదివితిని. అందు తెలిసిన చరిత్రను ఈ సాయంకాలము మీకు విన్నవించుచున్నాను.

ఇల్లు కట్టు తాపీమేస్త్రిని చూడుడు. ఎదురెదురు గోడలు సమానమైన ఎత్తుకు వచ్చినవో లేవో తెలిసికొనుటకు అతడు ఒక పొడుగాటి గొట్టములో నీళ్లు నింపి, ఒక కొనను ఈ గోడవద్దను, రెండవ కొనను ఆ గోడవద్దను పట్టించును. రెండు కొనలయందు నీరు ఎక్కడ నిలుచునో అక్కడ గీతలు గీయును. గోడ నిటారుగా నున్నదో లేదో చూచుటకు తూకపుగుండును వ్రేలాడవేయును. ఈ రెండు పనులును ఒకే శక్తియొక్క సాక్ష్యముపై నడచుచున్నవి. గుండును క్రిందికి లాగునదియు, నీటిని సమముగా నిలుపునదియు భూమియొక్క ఆకర్షణయే. భూమికి ఆకర్షణశక్తి కలదని మన భాస్కరాచార్యులవారు సిద్ధాంతశిరోమణిలోని గోళాధ్యాయమునందు చెప్పియున్నారు. సముద్రమును ఒక పెద్ద గొట్టముగా భావించి, ఆ గొట్టమును భూమిక్రిందుగా ప్రతి ఊరివరకు త్రవ్వికొని తెచ్చినచో, అందలి నీరు ఎక్కడ నిలుచునో అదియే ఆ ఊరికి సముద్రమట్టము. గాలి, అలలు, పోటుపాటులు లేని ఈ ఊహాజలతలమునకు శాస్త్రజ్ఞులు జియాయిడు అని పేరు పెట్టిరి. నేను దానిని నిశ్చలజలతలమని పిలిచెదను.

ఈ తలము నునుపైన బంతివలె ఉండునని మొదట అందరును తలచిరి. 1672లో రిషే అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు భూమధ్యరేఖకు సమీపమున నున్న కయేనుకు పోయినప్పుడు, పారిసులో సరిగా నడచిన తన లోలకపు గడియారము అక్కడ దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుట కనుగొనెను. లోలకమును ఊపునది ఆకర్షణయే కావున, అక్కడ ఆకర్షణ తక్కువయని తేలినది. భూమి తన చుట్టు తాను తిరుగుటవలన నడుమ ఉబ్బి, ధ్రువములవద్ద అణగియున్నదని న్యూటను దీనికి కారణము చెప్పెను. భూమధ్యరేఖవద్ద భూమి వ్యాసము 12,756 కిలోమీటర్లు. ధ్రువమునుండి ధ్రువమునకు 12,714. ఈ అణగిన గోళమును గణితముచే నునుపుగా గీయవచ్చును. దీనిని గణితగోళమందము. మా మనుమని ఫోను ఎత్తును కొలిచినది ఈ గణితగోళమునుండియే గాని, నీటినుండి కాదు. ఈ రెండింటికి గల భేదమును గట్టిగా పట్టి చూపిన దేశములలో మనది యొకటి. దానికి సాక్షి హిమాలయము.

1802లో విలియం లాంబ్టను మదరాసువద్ద ఒక ఆధారరేఖను కొలిచి, దేశమును త్రిభుజములతో కప్పుకొనుచు బయలుదేరెను. ఆయన వెంట నుండిన థియొడొలైటు అను కోణమాపక యంత్రము అర టన్ను బరువు. 1808లో తంజావూరు పెద్ద దేవళపు గోపురముపైకి ఎక్కించుచుండగా అది పడి దెబ్బతిన్నది. ఆయన గుడారములో కూర్చుండి కొన్ని వారములు దానిని తనచేతులతోనే బాగుచేసికొని మరల పనికి దిగెను. పరిశీలన నిజాము రాజ్యమునకు వచ్చినప్పుడు జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడుగా చేరెను. 1819లో కృష్ణాగోదావరుల నడుమనున్న అడవులలో కొలుచుచుండగా ఎవరెస్టునకును ఆయన పరివారమునకును చలిజ్వరము సోకి, అనేకులను మోసికొని హైదరాబాదునకు చేర్చవలసివచ్చినది. కొందరు చేరలేదు. వారి పేర్లు ఏ పటముమీదను లేవు. మనము చదువు ప్రతి ఎత్తు క్రిందను అట్టివారి శ్రమ కలదని మాత్రము చెప్పక తప్పదు. లాంబ్టను 1823లో హింగన్‌ఘాటువద్ద పనిలోనే కన్నుమూసెను.

ఎవరెస్టు ఆ రేఖను హిమాలయపాదమువరకు కొనిపోయెను. అప్పుడొక చిక్కు కలిగినది. మధ్యభారతమునందలి కల్యాణపురమునకును, ఉత్తరమున ముజఫర్‌నగరు ప్రాంతమునందలి కలియానాకును నడుమ సుమారు 370 మైళ్ల దూరమున్నది. ఆ దూరమును రెండు విధముల కొలిచిరి: త్రిభుజములతో నేలమీద ఒకసారి, నక్షత్రములను చూచి మరియొకసారి. రెండును సరిపోలేదు. తేడా ఐదు వికలలకు కొంచెము పైన. భాగకు అరువది కళలు, కళకు అరువది వికలలు గదా! ఐదు వికలలనగా ఆకాశమున గోరంత. నేలమీద మాత్రము ఐదువందల అడుగులకు మించును. అంత జాగరూకతతో చేసిన కొలతలో ఇంత తప్పు రాకూడదు.

కలకత్తాలో క్రైస్తవమతాధికారిగా నుండిన ప్రాట్ అను గణితజ్ఞుడు దీనికి కారణము చెప్పెను. నక్షత్రము నడినెత్తినుండి ఎంత దూరమున్నదో తెలియవలెనన్న నడినెత్తి ఎక్కడనో తెలియవలెను. దానిని చెప్పునది తూకపుగుండు. హిమాలయము తన బరువుచే గుండును తనవైపు లాగుచున్నది! అనగా అక్కడి నిట్టనిలువు నిజమైన నిట్టనిలువు కాదు. అక్కడి నీటిమట్టమును కొండవైపు పైకి వంగియుండును. 1855 ప్రాంతమున ప్రాట్ ఆ లాగుడును లెక్కకట్టి చూడగా మరియొక వింత బయలుపడినది. లెక్కప్రకారము తేడా సుమారు పదునారు వికలలు రావలెను. నిజముగా వచ్చినది ఐదు మాత్రమే. అంత పెద్ద పర్వతము మూడవవంతు బలముతోనే లాగుచున్నది! ఏరీ అను ఆంగ్లేయ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దానికి సమాధానము చెప్పెను: పైకి కనబడు కొండ ఎంత ఎత్తో, నేల లోపల దాని వేరు అంత లోతు, ఆ వేరు చుట్టునున్న రాతికంటె తేలికయైనది, నీటిలో దుంగ తేలునట్లు కొండ తేలుచున్నది. ప్రాట్ వేరొక సమాధానము చెప్పెను. ఆ వాదమును మనము విడిచిపెట్టవచ్చును. మనకు కావలసినది ఇంతవరకే: నేలలోపల రాయి ఎక్కడ బరువుగా నుండునో, ఎక్కడ తేలికగా నుండునో, దానినిబట్టి సముద్రమట్టము ఎత్తుపల్లములు పొందుచుండును.

అయినచో లోపలి బరువును తెలిసికొనుట ఎట్లు? ఆకర్షణను ఊరూర కొలువవలెను. 1865లో బాసెవీ అను సైన్యాధికారి గాలి తీసివేసిన పాత్రలో లోలకములనూపి, దినమునకు ఎన్ని ఊపులు ఊగునో లెక్కించుచు, ఆకర్షణను కొలుచు కార్యము నారంభించెను. హిమాలయములలో నేల ఎత్తుగా నున్నచోట్ల ఆకర్షణ లెక్కకంటె తక్కువగా వచ్చినది. ఏరీ, ప్రాట్ అనుకొన్నది రుజువైనది. లడాఖులో పదునైదువేల అడుగులకు పైబడిన మోరే మైదానమున ఊపులు లెక్కపెట్టినపిమ్మట, ఇంకను ఎత్తునకు పోవుచుండగా, 1871 జూలైలో ఆ చలికిని గాలిలేమికిని బాసెవీ ప్రాణములు విడిచెను. తక్కిన పని హెవిసైడు ముగించెను. ఒక లోలకము ఊపులు లెక్కించుటకై మనుష్యుడు ప్రాణమిచ్చుట మనకు వెఱ్ఱిగా తోచవచ్చును. కాని దాని ఫలితము ఇప్పటికిని లెక్కలలో నున్నది.

ఇంతలో మరియొకవైపున దేశమునకు ఎత్తుల పట్టిక తయారగుచుండెను. 1858లో కరాచీ సముద్రతీరమునుండి మట్టపుకొలత ప్రారంభమైనది. ఈ పని మన కాలువల ఓవర్సీయర్లు చేయగా మీరు చూచినదే. నడుమ రసమట్టము గల దుర్భిణి. ముందొక కొలబద్ద, వెనుకనొక కొలబద్ద. రెండింటి తేడా వ్రాసికొని ముందుకు నడచుట. ఒక నిలుపునకు కొన్ని గజములు మాత్రమే. అట్లు వేలకొలది మైళ్లు నడచి, దారిపొడుగున వంతెనలకును కట్టడములకును గుర్తులు చెక్కిరి. సముద్రమట్టమును తెలిసికొనుటకు రేవులలో పోటుపాటులను వ్రాయు యంత్రములను నిలిపిరి: నీటిపై తేలు బుడ్డి, దానికి కట్టిన కలము, తిరుగుచుండు కాగితపు చుట్ట. ఒకనాటి నీటిని చూచి మట్టము నిర్ణయింపరాదు. చంద్రుని పాతములు, అనగా మన పంచాంగములలోని రాహుకేతువులు, ఒకమారు చుట్టివచ్చుటకు పదునెనిమిదిన్నర యేండ్లకు పైగా పట్టును. పోటుపాటుల హెచ్చుతగ్గులును ఆ కాలమునకే ఒక ఆవృత్తి ముగించును. కాబట్టి పందొమ్మిదేండ్లు వరుసగా వ్రాసి సగటు తీయుట ఉత్తమము. రాహువును నమ్మని దొరలుకూడ ఆయన గడువునకు లోబడవలసివచ్చినది!

1909లో ఆ ఎత్తులన్నిటిని ఒకచోటికి కూర్చిరి. కరాచీ, బొంబాయి, కార్వారు, బేపూరు, కొచ్చి, నాగపట్టణము, మదరాసు, విశాఖపట్టణము, ఒరిస్సాతీరమునందలి ఫాల్సుపాయింటు అను తొమ్మిది రేవులలోను సముద్రపు సగటుమట్టమును సున్నయని నిర్ణయించి లెక్క సరిపెట్టిరి. స్టేషను పలకలమీది ఎత్తులకు మూలము ఈ పద్ధతియే. ఎంత గొప్ప పనియో! అయినను ఇందు రెండు లోపములు దాగియుండెను.

మొదటిది, తొమ్మిది రేవులలోను సముద్రము ఒకే మట్టమున నున్నదనుకొనుట. అది నిజము కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తమ తియ్యనినీటిని బంగాళాఖాతములో కుమ్మరించుచుండగా అక్కడి నీరు అరేబియా సముద్రపునీటికంటె ఉప్పదనము తక్కువై తేలికగా నున్నది. తేలికనీరు కొంచెము ఉబ్బి నిలుచును. గాలులును ప్రవాహములును దీనికి తోడగును. అట్టి రెండు తీరములను ఒకే సున్నకు కట్టివేసినప్పుడు, ఆ నడుమ నున్న ఊళ్ల ఎత్తులన్నియు కొంచెము కొంచెముగా వంచబడును. రెండవది, మట్టపుకొలత చేయుచు పోయిన దారిలో ఆకర్షణను కొలువలేదు. రసమట్టము ప్రతి నిలుపునందును అక్కడి ఆకర్షణకు లోబడియే నిలుచును. కావున నిజమైన ఎత్తు తెలియవలెనన్న కొలబద్ద చెప్పిన అంకెతోపాటు అక్కడి ఆకర్షణయు తెలియవలెను. ఆనాడు దానికి బదులుగా సూత్రమునుబట్టి లెక్కకట్టిన సగటు ఆకర్షణను వాడిరి. ఊరూర కొలుచు సాధనములు అప్పుడు లేవు, వారిని నిందింపరాదు.

ఇప్పుడు ఉపగ్రహముల మాటకు వచ్చెదను. ఆకాశమున తిరుగుచున్న ఉపగ్రహములు తమ గడియారపు వేళను సంకేతములుగా పంపుచుండును. ఆ సంకేతము మనవద్దకు చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. నాలుగైదు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మనమెక్కడ నున్నామో తేలును. అమెరికావారి జీపీయస్ అట్టిది. మనదేశమును 2013 మొదలుకొని ఈ పనికై తన ఉపగ్రహములను పంపినది; వానికి నావిక్ అని పేరు. ఇందు ప్రయోజనమేమనగా, కొలబద్దలతో మాసములు నడచి తెచ్చు ఎత్తును మంచి యంత్రముతో కొన్ని గంటలలో తేవచ్చును. అయితే ఉపగ్రహమునకు నీరు తెలియదు. అది చెప్పునది గణితగోళమునుండి ఎత్తు.

ఈ భేదము ఎంత పెద్దదో ఒక దృష్టాంతము చెప్పెదను. కలకత్తావద్ద నిశ్చలజలతలము గణితగోళమునకు సుమారు 55 మీటర్ల దిగువ నున్నది. మదరాసువద్ద 85 మీటర్లకు దిగువ. కలకత్తానుండి మదరాసునకు ఓడలో వచ్చినవాడు గణితగోళపు లెక్కలో ముప్పది మీటర్ల పల్లమునకు దిగుచున్నాడు. పది అంతస్తుల మేడ ఎత్తన్నమాట! అయినను ఓడ జారదు, నీరు పారదు, చేతిలోని గ్లాసునీరు ఒలకదు. ఏలయన ఆకర్షణప్రకారము ఆ తలము సమమే. ప్రపంచమంతటిలో మిక్కిలి లోతైన పల్లము సింహళమునకు దక్షిణమున హిందూమహాసముద్రములో నున్నది. అక్కడ సముద్రము గణితగోళమునకు నూరు మీటర్లకు పైగా దిగువ నున్నది. ఆ పల్లపు అంచులోనే మన ఆంధ్రతెలంగాణములును కలవు. హైదరాబాదువద్ద ఈ భేదము సుమారు 75 మీటర్లు. మా అరుగు 70 మీటర్లు మునిగినట్లు ఫోను చూపుటకు కారణమిదియే. యంత్రము అబద్ధమాడలేదు; మనము దానిని వేరొక ప్రశ్న అడిగితిమి.

కావలసిన లెక్క చిన్నది. ఉపగ్రహము చెప్పిన ఎత్తులోనుండి అక్కడి నిశ్చలజలతలపు ఎత్తును తీసివేయవలెను. మా ఊరిలో రెండును ఋణములే. ఋణమునుండి ఋణము తీసివేయు విధమును బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పియున్నాడు గనుక పిల్లలకు నేర్పుట కష్టము కాదు. కష్టమంతయు నిశ్చలజలతలమును ప్రతి ఊరిక్రిందను అంగుళముల సూక్ష్మతతో తెలిసికొనుటయందే కలదు. దానికి ఆకర్షణను కొలువవలెను. నేడు బాసెవీ లోలకముల స్థానమున సున్నితమైన స్ప్రింగుతో చేసిన గురుత్వమాపకములు వచ్చినవి. ఒక మీటరు పైకి ఎత్తినచో ఆకర్షణ కోటికి మూడు వంతులు తగ్గును. ఆ తగ్గుదలను కూడ అవి పట్టగలవు. కొండలు, అడవులు, బురదనేలలు గలచోట వానిని విమానములలో నుంచి పైనుండియే కొలుచుచున్నారు. 2002లో గ్రేస్ అను జంట ఉపగ్రహములను ఎగురవేసిరి. ఒకదానివెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల దూరమున పోవుచుండగా, క్రింద బరువైన ప్రదేశము వచ్చినప్పుడు ముందుది కొంచెము ముందుకు లాగబడును. ఆ దూరపు మార్పును వెంట్రుకలో కొద్దివంతువరకు కొలిచిరి. 2009 నుండి 2013 వరకు గోచె అను ఐరోపా ఉపగ్రహము ఇంకను దిగువగా తిరిగి ఇదే పని చేసినది. ఉపగ్రహములు విశాలమైన ఆకృతిని చెప్పును. ఊరి దగ్గరి సూక్ష్మమును నేలమీది కొలతయే చెప్పవలెను. ఒకటి లేక రెండవది చాలదు.

ఈ రెండింటి కలయికకు లోకమంతయు చూచిన పరీక్ష ఎవరెస్టు శిఖరముననే జరిగినది. 1849-50లలో మైదానములనుండి నూరుమైళ్లకు పైబడిన దూరమున దుర్భిణులు పెట్టి చూచి, రాధానాథ సిక్‌దారు మొదలగువారు లెక్కలుకట్టగా, 1856లో 29,002 అడుగులని ప్రకటించిరి. కాని కొండక్రింద సముద్రమట్టము ఎక్కడనున్నదో అప్పుడు తెలియదు. కొండ తనవైపు నీటిని లాగికొనునని ప్రాట్ చెప్పెను గదా! ఆ ఉబ్బును లెక్కలోనికి తీసికొని, 1952-54లలో భారతసర్వేశాఖకు చెందిన గులాటీగారు గుండు ఒరుగుదలలను గమనించి, 29,028 అడుగులని, అనగా 8,848 మీటర్లని నిర్ణయించిరి. ఆ అంకె దాదాపు డెబ్బదియేండ్లు నిలిచినది.

2015 ఏప్రిల్ 25న నేపాళమున మహాభూకంపము వచ్చినది. శిఖరము క్రుంగినదని కొందరు, లేదని కొందరు వాదించిరి. తమ కొండను తామే కొలిచికొనవలెనని నేపాళీయులు నిశ్చయించిరి. దక్షిణపు మైదానములనుండి మట్టపుకొలతను కొండలలోనికి తెచ్చిరి. దారిపొడుగున ఆకర్షణను కొలిచిరి. 2010లో విమానమునుండి కొలిచిన ఆకర్షణయు వారికి ఉపయోగపడినది. 2019 మే 22న తెల్లవారుజామున మూడుగంటలవేళ, సర్వే అధికారి ఖీమ్‌లాల్ గౌతమ్ నాయకత్వమున వారి బృందము శిఖరము చేరి ఉపగ్రహయంత్రమును నిలిపినది. పగటిపూట జనము కిక్కిరియుదురు గనుక ఆ వేళను ఎంచుకొనిరి. ఆ చలికి గౌతమ్‌గారు ఒక కాలివ్రేలు పోగొట్టుకొనిరి. 2020 మే 27న చైనావారు ఉత్తరమునుండి ఎక్కి, శిఖరముమీదనే గురుత్వమాపకమును పెట్టి ఆకర్షణను కొలిచిరి. 2020 డిసెంబరు 8న రెండు దేశములును కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించినవి. గులాటీగారి అంకెకు ఒక మీటరైనను తేడా లేదు! ఉపగ్రహములు లేని కాలమున, కొండను ఎక్కకయే, గుండును నమ్ముకొని ఆయన చేసిన లెక్క అది. నేను పక్షపాతముతో చెప్పుచున్నానని మీరనుకొన్నను నాకు అభ్యంతరము లేదు.

శిఖరపు ఎత్తు పేరుకోసము కావచ్చును. దేశపు ఎత్తులు అన్నముకోసము. కనడావారు 1928 నాటి తమ మట్టపు పద్ధతిని విడిచి, 2013లో నిశ్చలజలతలమునే దేశపు సున్నగా స్వీకరించిరి. అమెరికావారి 1988 నాటి పద్ధతిలో దేశము ఒక మూలనుండి మరియొక మూలకు సుమారు ఒక మీటరు వాలినట్లు ఉపగ్రహముల సాక్ష్యముచే బయలుపడగా, వారు దేశమంతటిమీద విమానములనుండి ఆకర్షణను కొలుచు పనికి పూనుకొనిరి. మన దేశమునందును సర్వేశాఖవారు అంతట ఉపగ్రహసంకేతములను పట్టు స్థిరకేంద్రములను నెలకొల్పిరి. 2020లో ప్రారంభమైన స్వామిత్వ పథకమున గ్రామముల ఇండ్లస్థలములను డ్రోనులతో కొలిచినది ఇట్టి కేంద్రముల ఆధారముననే. సరిహద్దుల తగవులకు అది చాలును. గట్టు ఎక్కడ నున్నదో చెప్పుటకు నీటిని అడుగనక్కరలేదు. గట్టుప్రక్క నున్న మురుగుకాలువ ఎటు పారునో చెప్పవలెనన్నచో మాత్రము అడుగవలెను.

ఈ మాట డెల్టావాసులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1847లో కాటనుదొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ఆరంభించి 1852లో ముగించుటకు మునుపు చేసిన మొదటిపని నేలమట్టములు కొలుచుటయే. మా నేల సముద్రమువైపు మైలుకు అడుగో అడుగున్నరయో మాత్రము వాలియున్నది. ఆ వాలుననే సాగునీరు రావలెను, ఆ వాలుననే మురుగునీరు పోవలెను. తుపాను వచ్చి పదిదినములు చేలు మునిగియున్నప్పుడు, ఐదుమైళ్ల కాలువలో అర అడుగు పొరపాటు దిగువరైతు పంటను తినివేయును. మా తాలూకాలో ఒకచోట క్రొత్తగా త్రవ్విన మురుగుకాలువలో నీరు మూడేండ్లు నిలిచియే యుండెను. తప్పెవరిదని నేనిప్పుడు అడుగుట లేదు. ఆ చేలలో వరి కుళ్లుట చూచితిని. ఇకముందు అట్టి కాలువలను ఉపగ్రహయంత్రములతో ఒక్కపూటలో కొలిచెదరు, వేగమునకు సంతోషమే. కాని మన ఊళ్లక్రింద నిశ్చలజలతలము అంగుళములలో తెలియనినాడు, మీటరులో వందవవంతువరకు ముద్రించిన అంకెలుకూడ నీటిని తప్పుదారి పట్టించును. ఆకర్షణను దగ్గర దగ్గరగా కొలిచి తలమును సరిదిద్దుకొన్నపుడే ఆ వేగమునకు ఫలము. సంఖ్య సూక్ష్మముగా కనబడుట వేరు, సత్యమగుట వేరని బడిలో లెక్కలు దిద్దునప్పుడు నేను అనేకసార్లు చెప్పియుంటిని. అప్పుడు నాకు ఈ ఉదాహరణము తెలియదు.

సంక్రాంతి వెళ్లిన మూడవనాడు నేనును మా మనుమడును లాకులవద్దకు నడచిపోతిమి. అక్కడ చిన్నప్పటినుండి నేను చూచుచున్న ఒక రాయి కలదు. దానిమీద జి.టి.యస్. అను అక్షరములును, క్రింద ఒక గాటును చెక్కియున్నవి. పూర్వము దానిమీద మేకలను నిలువబెట్టి ఆడుకొనెడివారము. పాచిని గీకి, ఫోనును రాతిపై ఉంచితిమి. అంకె కొంతసేపు పైకిని క్రిందికిని ఊగి, ఋణము డెబ్బదివద్ద నిలిచినది. చేతిఫోను ఐదారు మీటర్లు తప్పుట వింత కాదు గనుక మేము దానిని పరీక్ష అనుకొనలేదు, వేడుక అనుకొంటిమి. వాడు జలతలపు అంకెను వెదకి తీసివేసెను. మూడు మీటర్లకు కొంచెము పైగా మిగిలినది. "సముద్రములో లేము తాతయ్యా" అనెను. ఆ అంకెను నా పంచాంగపు అట్టలోపల తేదీతో సహా వ్రాసి యుంచితిని.